మర్యాద తెలిసిన నొప్పి

ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి గొడవ నొప్పి దగ్గరే వచ్చేది. కోడలు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, వంటింట్లోకి వచ్చి అరచెయ్యి చాపేది. అత్తగారు అది చూసీ చూడనట్టు స్టవ్ మీది పాలకేసి తీక్షణంగా చూస్తూ నిలబడేది.

"ఇచ్చెయ్యండత్తయ్యా, షాపుకి టైమవుతోంది."

"ముందు కాఫీ తాగు. నీ నొప్పేమన్నా పారిపోతుందా?"

"ఇలాగే అంటూ మధ్యాహ్నం దాకా లాగుతారు మీరు. ఆయన లేచారంటే ఇద్దరికీ చీవాట్లే."

ఇక తప్పదని అత్తగారు తన అరచెయ్యి కోడలి అరచేతికి ఆనించేది. రాత్రంతా తన దగ్గరున్న నొప్పి మెడ నుంచి మొదలై నడుము, తుంటి, మోకాళ్ళు, మడమల దాకా వరసగా ఖాళీ అయిపోయేది. కోడలు పళ్ళు బిగబట్టి, గట్టు అంచు పట్టుకుని, కాసేపటికి ఊపిరి వదిలి "వచ్చేసింది" అనేది. ఆ తర్వాత ఇద్దరూ కాఫీ తాగేవాళ్ళు.

ఒకరి నొప్పి ఇంకొకరు పట్టుకోవడం అందరిళ్ళలోనూ ఉన్నదే. పిల్లాడు పంటి నొప్పితో పరీక్షకి వెళ్తుంటే తల్లి పట్టుకుంటుంది. డ్రైవరుకి తలనొప్పొస్తే పక్కన కూర్చున్నవాడు కాసేపు ఇటిమ్మంటాడు. నొప్పి చేతులు మారుతుంది గానీ జబ్బు మారదు, అది ఎవరిది వాళ్ళ ఒంట్లోనే ఉంటుంది. రాత్రి పట్టుకున్నది పొద్దున్న, పొద్దున్న పట్టుకున్నది సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి. బద్ధకించి ఉంచేసుకుంటే అది ఎవరిదో కొన్నాళ్ళకి ఇద్దరూ మర్చిపోతారు. ఇందులో ఒక సుఖం కూడా ఉంది. సొంత నొప్పి మనిషిని నిద్రపోనివ్వదు, పట్టుకున్న నొప్పి మాత్రం నిద్రలోకి రాదు. అందుకే ఆ ఇంట్లో పడుకోబోయే ముందు ఇచ్చుకోవడం, లేచాక పుచ్చుకోవడం. పగలు కూడా మోస్తానని అత్తగారు ఒకసారి పంతం పట్టి మెట్ల మీంచి దొర్లింది. ఆ రోజు నుంచి పగటి మోత కొడుకు మాన్పించాడు.

కోడలు కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో పని చేస్తుంది. ఫ్రేముకి తగ్గట్టు అద్దం అంచులు అరగదియ్యడం, గింజంత మరలు బిగించడం ఆమె పని. అలాంటి చేతులకి వణుకొస్తే ఇంకేముంది? మరలు కింద పడేవి. వాటికోసం వంగితే నడుము పట్టేసేది. పక్క కుర్చీలో కూర్చోబెట్టడానికి ఇంకో మనిషిని చూస్తున్నానని షాపు యజమాని మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పే మాటే ఎక్కువ భయపెడుతుంది.

డాక్టర్లకేం కొదవ లేదు. ఒకాయన నరాలన్నాడు. ఒకాయన ఆడవాళ్ళకి ఇది మామూలేనన్నాడు. ఇంకొకావిడ చాలాసేపు అక్కడా ఇక్కడా నొక్కి చూసి ఫైబ్రోమయాల్జియా అని ఒక పేరు పెట్టింది. పేరు దొరికిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు గానీ నొప్పికి ఆ సంబరం పట్టలేదు. ఆఖరికి ఒక డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకేసి పట్టుకుని, మోకాలి దగ్గర సన్నటి తెల్లగీత చూపించి, "ఒంట్లో ఎక్కడో స్ఫటికాలు పేరుకుంటున్నాయేమో. అవే ఈ నొప్పులన్నిటినీ ఎగదోస్తున్నాయేమో. ఇది కచ్చితంగా తేల్చగలిగినావిడ సముద్రం అవతల ఉంది" అన్నాడు. ఆయన సందేహంగానే అన్నాడు, వీళ్ళు మాత్రం దాన్నే గట్టిగా పట్టుకున్నారు.

కోడల్ని నిజంగా తినేస్తున్నది ఇంకోటుంది. "కారణం దొరకని నొప్పి మనసులోంచే పుడుతుంది. మనసు పుట్టించినా చేతికి బరువుగానే ఉంటుంది కదమ్మా, మీ అత్తగారికి తేడా ఎలా తెలుస్తుంది?" అన్నాడు నరాల డాక్టరు. ఆ మాట ఆమెలో ముల్లులా ఉండిపోయింది. నేనే దీన్ని పుట్టించి ఇంతమందిని ఏడిపిస్తున్నానా అని ఆమెకి అనుమానం పట్టుకుంది. మొగుడు పైకి అనలేదు గానీ, ఈ మధ్య అతని ఓదార్పులో కూడా ఆ అనుమానం కొద్దికొద్దిగా వినపడుతోంది.

ప్రయాణానికి మొగుడు బయల్దేరలేదు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. అత్తగారే తోడెళ్ళింది. నొప్పి మొయ్యడంలో ఆవిడంత చెయ్యి తిరిగిన మనిషి చుట్టుపక్కల లేదు. అందరూ ఆవిడని కండక్టరమ్మ అంటారు. సిటీ బస్సులో చాలా ఏళ్ళు చేసింది. కుడిచెయ్యి పైకడ్డీ మీద, ఎడమచేతిలో టికెట్లు. "ముందుకు జరగాలి!" అని ఆవిడ కేకేస్తే నిలబడి కునుకుతున్నవాళ్ళు కూడా ఓ అడుగు ముందుకేసేవాళ్ళు. బస్సులో ఎవరైనా గొడుగో, టిఫిన్ డబ్బానో మర్చిపోతే అది సొంతదారుకి చేరేదాకా ఆవిడకి అన్నం సహించేది కాదు. మనిషి దొరికాక నాలుగు చీవాట్లు పెట్టి మరీ చేతికిచ్చేది.

ఆ ఉద్యోగం ఇంకా బోలెడంత కాలం ఉండగానే మానెయ్యాల్సొచ్చింది. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం మానేసింది. అన్నేళ్ళు కడ్డీకి వేలాడిన చెయ్యి, నొప్పి రాకపోతేనే వింత అన్నారందరూ. యూనిఫాం మడిచి బీరువాలో పెట్టిన రోజున ఆవిడ తలుపేసుకుని ఏడ్చింది. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు.

విమానంలో కోడలి నొప్పంతా అత్తగారే పట్టుకుంది. పక్క సీటాయన మర్యాదస్తుడు, భోజనం వచ్చినప్పుడు చెయ్యి చాపి, "కాసేపు ఇటివ్వండి, మీరు తినండి" అన్నాడు. కోడలిది ఇచ్చి, ఆవిడ హాయిగా ఎడమచేత్తో తింది.

"కుడిచెయ్యి?" అన్నాడాయన.

"అది నా సొంతం లెండి, పాత సరుకు. దానికి మర్యాద తెలుసు. పగలంతా సతాయిస్తుంది గానీ పడుకున్నాక జోలికి రాదు. ఇన్నేళ్ళలో ఒక్క రాత్రి నిద్ర చెడగొట్టలేదంటే నమ్ముతారా?"

"అదృష్టవంతులు" అన్నాడాయన, నడుం మీద చెయ్యి పెట్టుకుని మూలుగుతూ. ఆవిడ తిన్నాక నొప్పి జాగ్రత్తగా వెనక్కి ఇచ్చేశాడు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర కోడలు చెయ్యి చాపింది. అత్తగారు ఈసారి బేరమాడలేదు. ఏ నొప్పైతే చూపించడానికి ఇంత దూరం వచ్చారో అది లేకుండా లోపలికెళ్ళి ఏం లాభం? మెడ నుంచి మడమల దాకా మొత్తం ఇచ్చేసింది.

పెద్ద డాక్టరు పొట్టి జుట్టు నెరిసిన సన్నటి మనిషి. మాట తక్కువ, వేళ్ళు మెత్తన. పక్కన మాటలు మార్చి చెప్పడానికి దుబాసీ అమ్మాయి ఒకతె ఉంది. డాక్టరు ఆ పూటంతా కోడల్ని నొక్కి చూసింది, మోకాల్లోంచి కాస్త నీరు తీసి పరీక్షకి పంపింది, ఒంటి మీద యంత్రం అంగుళం అంగుళం జరిపింది. అత్తగారు మూలన కుర్చీలో కూర్చుని, తెరలో కదిలే బూడిదరంగు మచ్చలన్నిటినీ అనుమానంగా చూస్తూ ఉంది. యంత్రం కుడి భుజం మీదికి రాగానే డాక్టరు చెయ్యి ఆగింది.

తెర మీద తెల్లటి ముద్ద ఒకటి కనపడింది, సుద్దముక్కని మాంసంలో దాచినట్టు.

"ఇదేనా?" అంది కోడలు.

డాక్టరు భుజం మీద ఆ ముద్ద ఉన్నచోట వేలు పెట్టి నొక్కింది. కోడలి మొహంలో మార్పు లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"నొప్పిగా ఉందా అని అడుగుతున్నారు" అంది దుబాసీ అమ్మాయి.

"లేదండీ. చుట్టూ ఉంది. మెడ నొప్పి, వీపు నొప్పి, మోచెయ్యి నొప్పి. అక్కడ మాత్రం ఏం లేదు."

డాక్టరు చాలాసేపు మాట్లాడింది. దుబాసీ అమ్మాయి కొంచెం ఇబ్బందిగా చెప్పింది. "స్ఫటికాల ముద్దలు చాలామందికి ఉంటాయట. ఏ బాధా లేకుండా ఊరికే పడి ఉంటాయి. నొప్పి లేని ముద్దని కదిలించకూడదట. కదిలిస్తే లేని బాధ తెచ్చిపెట్టినట్టవుతుంది. మోకాల్లో జాడ చాలా కొద్దిగా ఉంది, ఇంత నొప్పికి అది చాలదు. మిగతా చోట్ల ఏమీ లేవు. ఆ భుజం నొప్పి ఎవరైనా పట్టుకున్నారా అని అడుగుతున్నారు."

అత్తగారికి రోషం పొడుచుకొచ్చింది. "ఇందాక గుమ్మంలో మొత్తం ఇచ్చేశాను. అడగండి దాన్ని! పరాయివాళ్ళ గొడుగే ఇంట్లో పెట్టుకోలేదు నేను, కోడలి నొప్పి పెట్టుకుంటానా?"

"ఇచ్చేశారండీ" అంది కోడలు నీరసంగా. "పెళ్ళైన కొత్తలో ఆ భుజం కాస్త నొప్పి పుట్టింది. అదే తగ్గిపోయింది."

డాక్టరు తలాడించింది. మధ్యాహ్నం దాకా ఆలోచిస్తానని, ఆ తర్వాత తను వేరే ఊరు వెళ్ళిపోతానని, అప్పటికీ కారణం దొరక్కపోతే నిద్రకీ మనసుకీ మందులు రాసి పంపడం తప్ప చెయ్యగలిగింది లేదని చెప్పించింది. మనసు అన్న మాట వినగానే కోడలు తల దించుకుంది.

బయట వరండాలో బల్లల వరస. ఇద్దరూ ఒక చివర కూర్చున్నారు. కోడలు ఎటు ఒరిగినా ఏదో ఒకటి గుచ్చుకుంటోంది.

"అత్తయ్యా, మనం వెళ్ళిపోదామా?"

"ఇంకా మధ్యాహ్నం అవ్వలేదుగా?"

"ఇంతమంది డాక్టర్లు, ఇన్ని యంత్రాలు. ఎక్కడా లేదంటే నేనే పుట్టిస్తున్నానన్నమాటే కదా. మిమ్మల్ని మెట్ల మీంచి పడేశాను. పిల్లని వదిలేసి వచ్చాను. ఇక ఎవరికీ ఇవ్వనత్తయ్యా దీన్ని. రాత్రిళ్ళు కూడా ఇవ్వను. నేను పుట్టించింది నేనే పడతాను."

"నోర్ముయ్" అంది అత్తగారు. కోడలి చెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకుని, అలాగే గోడకి తల వాల్చింది. ప్రయాణం బడలిక ఒకటి, భయం ఒకటి. ఆవిడ కళ్ళు మూతపడ్డాయి.

ఎవరో తోపుడు కుర్చీ ధడేలుమని గోడకి కొట్టడంతో మెలకువొచ్చింది. కళ్ళు తెరిచిన మరుక్షణం కుడి భుజంలో పోటు మొదలైంది. రోజూ జరిగేదే. కళ్ళు మూస్తే ఉండదు, తెరవగానే హాజరు. ఎంత మర్యాద, అనుకుంది అలవాటుగా.

పక్కన కోడలు అలాగే కూర్చుని ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. రెప్ప వాల్చినట్టే లేదు. సొంత నొప్పి మనిషిని ఎక్కడ నిద్రపోనిస్తుంది?

అత్తగారు కోడలి మొహం చూసింది, తన భుజం చూసుకుంది.

ఇన్నేళ్ళలో ఒక్క రాత్రి. ఒక్క రాత్రన్నా ఈ భుజం తనని లేపిందా?

అప్పుడు గుర్తొచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో కోడలికి పని వస్తుందో రాదో చూస్తామన్న రోజు. కోడలు ఆవిడ బస్సే ఎక్కింది. బస్సు కిటకిటలాడుతోంది. భుజం నొప్పితో చెయ్యి ఎత్తలేక ఆ పిల్ల ఏడుపుమొహం వేసుకుని నిలబడితే, జనాన్ని తోసుకుంటూ దగ్గరికెళ్ళి, టికెట్టు చేతిలో పెడుతూ ఆ చేత్తోనే నొప్పి అందుకుంది. "వెళ్ళి దర్జాగా పని చేసి రా, సాయంత్రం ఇస్తాలే" అంది. సాయంత్రం కోడలు ఉద్యోగం వచ్చిందన్న సంతోషంతో ఎగురుకుంటూ వచ్చింది. ఇల్లంతా సందడి. ఆ గోలలో ఆమె అడగలేదు, ఈవిడ ఇవ్వలేదు. నాలుగు రోజులు పోయాక కోడలు భుజం తగ్గిపోయిందని మురిసిపోయింది. ఈవిడ, కడ్డీ పట్టుకుంటే భుజం లాగుతోందని మందు రాసుకుంది.

బస్సులో గొడుగులు మర్చిపోయినవాళ్ళందర్నీ తను పెట్టిన చీవాట్లు ఆవిడకి ఒక్కసారిగా తగిలాయి. సిగ్గుతో మొహం మండిపోయింది. ఆ వెనకే భయం పట్టుకుంది. ఇప్పుడిది ఇచ్చేస్తే? ఇప్పటికే మోయలేనంత మోస్తున్న పిల్ల మీద ఇంకో బరువు. అదీ కుడిచేతికి. ఒకవేళ తను పొరబడి ఉంటే, తన ముసలి నొప్పి ఒకటి ఊరికే ఆ పిల్లకి అంటగట్టినట్టు కాదూ?

దుబాసీ అమ్మాయి సంచి భుజాన వేసుకుని గదిలోంచి బయటికొచ్చింది. "డాక్టరుగారు బయల్దేరుతున్నారు. మందులు నర్సు ఇస్తారు."

అత్తగారు లేచింది. "ఆపండి!" అని ఒక్క కేక పెట్టింది. బస్సు డ్రైవరుకి వినపడేలా పెట్టే కేక అది. వరండా మొత్తం ఆగిపోయింది. కోటు తొడుక్కుంటూ గుమ్మంలోకి వచ్చిన డాక్టరు కూడా, భాష తెలియకపోయినా, ఒక చెయ్యి కోటులో ఒక చెయ్యి బయట పెట్టుకుని అలాగే నిలబడింది.

"అమ్మాయ్, చెయ్యి పట్టు."

"ఎందుకత్తయ్యా?"

"పట్టమంటున్నానా?"

కోడలు చెయ్యి చాపింది. అత్తగారు అరచెయ్యి ఆనించి కళ్ళు గట్టిగా మూసుకుంది. మొదట ఏమీ కదల్లేదు. అన్నేళ్ళు ఉన్న చోటు, వదలనంది. ఆ తర్వాత మెల్లగా, బూజు పట్టిన కిటికీ తెరుచుకున్నట్టు, భుజంలోంచి, మోచేతిలోంచి, మణికట్టులోంచి దిగిపోయింది.

కోడలు "అమ్మా!" అని కుడిచెయ్యి పొట్టకి అదుముకుని వంగిపోయింది. "ఇది మీ నొప్పి కదత్తయ్యా! మీది నాకెందుకు..."

"నాది కాదే" అంది అత్తగారు. "నీదే. నా బస్సులో మర్చిపోయావు."

కోడలు వంగినది వంగినట్టే ఉండి, ఆ నొప్పిని లోపల తడుముకుంటున్నట్టు చూసింది. "నాకిది తెలుసు" అంది నెమ్మదిగా. "మొట్టమొదట వచ్చింది ఇదే."

డాక్టరు కోటు విప్పేసింది.

బల్ల మీద పడుకోబెట్టి, తెల్లముద్ద ఎక్కడుందో సరిగ్గా అక్కడ వేలు పెట్టిందో లేదో, కోడలి కేక వరండా దాకా వినపడింది. డాక్టరు మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. సూది పెట్టి ముద్దని నీళ్ళతో కడిగి తీసేస్తానంది. అత్తగారు గబగబా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ఆ సూది అయ్యేదాకా నేను పట్టుకుంటాను."

దుబాసీ అమ్మాయి అడ్డం పడింది. "వద్దట. సూది సరైన చోటికి వెళ్ళిందో లేదో ఆమె నొప్పే చెప్పాలట. దయచేసి బయట కూర్చోండి."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆవిడకి చేతకాని పని. అయినా తీసుకుంది. బయట బల్ల మీద ఖాళీ చేతులతో కూర్చుంది. లోపల్నించి కోడలి మూలుగు వినపడినప్పుడల్లా వేళ్ళు బిగించి వదిలింది. ఒంట్లో ఎక్కడా నొప్పి లేని ఆ కాసేపు ఆవిడ పడ్డ బాధ, మెట్ల మీంచి దొర్లిన రోజున కూడా పడలేదు.

తలుపు తెరుచుకునేసరికి కోడలు మైక్రోస్కోపు మీద వంగి ఉంది. చెంపలు తడిగా ఉన్నాయి. కుడి భుజానికి కట్టు, ఎడమచేత్తో మర తిప్పుకుంటూ చూస్తోంది. అద్దాలు అరగదీసే మనిషి కదా, చూపు సరిచేసుకోవడం ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"రండత్తయ్యా, చూడండి. ఎంత చిన్నవో! ఇవన్నీ ఒంట్లో పెట్టుకుని తిరిగాను."

అత్తగారు ఒక కన్ను మూసి చూసింది. గాజుపలక మీద మెరుపు రజను. "ఇంతోటి దానికా?" అంది.

డాక్టరు నిదానంగా చెప్పింది, దుబాసీ అమ్మాయి అంతే నిదానంగా చెప్పింది. ఫైబ్రోమయాల్జియా ఉన్నమాట నిజమే. ఇవాళ్టితో మాయమైపోతుందని మాటివ్వలేను. కానీ దాన్ని ఎగదోస్తున్నది ఈ భుజమే. ఇక్కడి నొప్పి చెప్పాల్సిన మాట చెప్పుకోలేకపోయింది, అందుకే ఒళ్ళు మిగతా చోట్ల నుంచి అరవడం మొదలుపెట్టింది. ఇక మందులు పనిచేస్తాయి. నెలలు పడుతుంది, తగ్గుతుంది. ఇది మీరు పుట్టించింది కాదు.

చివరి మాట కోడలు రెండోసారి చెప్పించుకుంది. దుబాసీ అమ్మాయి విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది.

ఆసుపత్రి ముందు బస్సెక్కారు. ఆ ఊరి బస్సు, తళతళలాడుతోంది. అత్తగారు కోడల్ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి తను నిలబడింది. పక్క సీటు ఖాళీగానే ఉంది.

"కూర్చోండత్తయ్యా."

ఆవిడ వినిపించుకోలేదు. కుడిచెయ్యి మెల్లగా పైకెత్తింది. చెవి దాటింది, తల దాటింది. ఎక్కడా ఏమీ పట్టలేదు. పైన కడ్డీ చల్లగా చేతికి తగిలింది, వేళ్ళు వాటంతట అవే చుట్టుకున్నాయి.

కోడలు ఆ చేతికేసే చూస్తూ ఉండిపోయింది. ఆమెకి అప్పుడు అర్థమైంది. "మీరు ఉద్యోగం మానేసింది ఈ భుజం వల్లే కదా?" అంది. "అది నాదత్తయ్యా. మీ ఉద్యోగం..."

"నీ ఉద్యోగం నిలబడింది కదా."

"మీరెంత ఏడ్చారో నాకు తెలుసు. తలుపు బయట నిలబడి విన్నాను."

అత్తగారు కడ్డీ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. సంగతి తెలిసి ఉంటే ఏం చేసేదానివి, ఆ సాయంత్రమే ఇచ్చేసేదానివా అని తనని తను అడిగి చూసుకుంది. ఇచ్చి ఉంటే ఈ పిల్లకి ఇన్ని నొప్పులు వచ్చేవే కాదు. కోడలు ఎడమచెయ్యి ఎత్తి ఆవిడ చీరకుచ్చెళ్ళు పట్టుకుని, నుదురు ఆవిడ నడుముకి ఆనించింది. ఈసారి ఇద్దరిలో ఎవరూ నొప్పి కోసం చెయ్యి చాపలేదు.

తర్వాతి స్టాపులో జనం బిలబిలా ఎక్కారు. అందరూ తలుపు దగ్గరే కుక్కుకుని నిలబడ్డారు. ఏ దేశమైతేనేం, లోపల ఇంత చోటుండగా గుమ్మంలోనే వేలాడటం మనుషులకి పుట్టుబుద్ధి. అత్తగారు కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేక, కుడిచెయ్యి కడ్డీ మీద ఉండగానే మెడ తిప్పి, "ముందుకు జరగాలి! ముందుకు జరగాలి!" అని కేకేసింది.

జనం ఉలిక్కిపడి ఆవిడ వంక చూసి, ఓ అడుగు ముందుకు జరిగారు.